పాత కారు ఇంజిన్: బాగుచేయించడమా, మార్చడమా?

స్థిర ఆస్తుల పునఃస్థాపన నిర్ణయాలను వివరించేటప్పుడు వాణిజ్యశాస్త్ర గ్రంథాలు సాధారణంగా నూలు మిల్లులోని యంత్రాన్నో, అచ్చు యంత్రాన్నో ఉదాహరణగా తీసుకుంటాయి. ఈ వ్యాసంలో ఆ స్థానంలో ఒక పాత కారు ఇంజిన్‌ను తీసుకుంటున్నాం. దూరవిద్యలో చేరిన మీలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ, కుటుంబాన్ని నడుపుకుంటూ చదువుతున్నవారు. మిల్లు యంత్రం గురించి నిర్ణయించవలసిన అవసరం మీకు ఎన్నడూ రాకపోవచ్చు. రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి పక్కన నిలబడి, మెకానిక్ రాసిచ్చిన అంచనా కాగితం చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచని రోజు మాత్రం రావచ్చు. ఆ రోజున ఉపయోగపడే సూత్రాలు, మిల్లు యంత్రానికి వర్తించే సూత్రాలు ఒక్కటే.

ఒక కుటుంబం, నాలుగు సలహాలు

తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసరాలు నర్సరీలకు పేరుపొందినవన్న సంగతి మీకు తెలిసిందే. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం గ్రామాల నుంచి మొక్కలు లారీల మీద దేశం నలుమూలలకూ వెళతాయి. మొక్కలు లారీలో వెళ్లినా, ఆర్డర్లు తేవడానికి, తోటలు వేసే చోట్లను చూడడానికి యజమాని స్వయంగా తిరగాలి. అటువంటి చిన్న నర్సరీ యజమానిని ఒకరిని ఊహించుకుందాం. ఆయన దగ్గర 2013లో రిజిస్టరైన డీజిల్ కారు ఉంది. మీటరు 2,60,000 కి.మీ. చూపిస్తోంది. ఏడాదికి సుమారు 18,000 కి.మీ. తిరుగుతుంది. అందులో ఎక్కువ భాగం జాతీయ రహదారి మీద విశాఖపట్నం వైపు, విజయవాడ వైపు చేసే ప్రయాణాలే. ఈయన కల్పిత వ్యక్తి. లెక్కలో వాడే ధరలు కూడా పద్ధతి నేర్చుకోవడానికి అనుకున్నవే గనుక మీ ఊరి ధరలతో వాటిని మార్చుకోవచ్చు.

కొన్ని నెలలుగా కారు పొగ ఎక్కువగా వదులుతోంది. లీటరుకు 20 కి.మీ. ఇచ్చేది 16కు పడిపోయింది. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ లీటరు ఇంజిన్ ఆయిల్ పోయవలసి వస్తోంది. మెకానిక్ చూసి, “బోరుకొచ్చేసిందండి, ఇంజిన్ దింపాల్సిందే, తొంభై వేలవుద్ది” అన్నాడు. బావమరిది మాత్రం, “ఇంకా దీన్నేం బాగుచేయిస్తారు బావగారూ, ఇచ్చేసి ఇంకోటి తీసుకోండి” అంటాడు. పక్క నర్సరీ ఆయన విజయవాడ ఆటోనగర్ నుంచి పాత ఇంజిన్ తెచ్చి పెట్టించమంటాడు. భార్య మాట వేరు: “నిరుడే క్లచ్చికీ, ఏసీకీ, సస్పెన్షన్‌కీ అరవై వేలు పోశాం కదండీ, ఇప్పుడు అమ్మేస్తే ఆ డబ్బంతా ఏమైనట్టు?” ఇంట్లో ఉన్న నిల్వ అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకని దాచిన రెండు లక్షలే.

ఈ నలుగురిలో ఎవరి మాట సరైనదో వెంటనే తేల్చడానికి లేదు. ఒక్కొక్కరి మాట వెనుక ఒక్కొక్క ఆర్థిక భావన ఉంది. వాటిని విడదీసి చూడడమే మన పని.

మీటరులోని అంకె విలువ

అయిదంకెల మీటరు ఉన్న పాత కార్లలో 99,999 తరువాత మీటరు మళ్లీ సున్నాకు వచ్చేది. మా తరంవాళ్లకు లక్ష కిలోమీటర్లు అనేది ఇంజిన్‌కు షష్టిపూర్తి లాంటిది. ఆ అలవాటు వల్లనే కాబోలు, ఇప్పటికీ రెండు లక్షలు దాటిందనగానే ఇంజిన్ పని అయిపోయిందనుకుంటాం. మంచి ఆయిల్, మెరుగైన లోహాలు, కంప్యూటర్ అదుపులో ఇంధన సరఫరా వచ్చిన తరువాత ఆ అంచనా మారిపోయింది.

ఇంజిన్ అరుగుదల తిరిగిన దూరం మీద కన్నా తిరిగిన తీరు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. చల్లబడిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ అన్ని భాగాలకూ చేరి ఉండదు. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు, బేరింగులు ఎక్కువగా అరిగేది అప్పుడే. హైవే మీద ఏకధాటిగా రెండు వందల కిలోమీటర్లు వెళ్లిన బండికి ఒక్క చల్లని స్టార్టు. అదే దూరం నర్సరీ నుంచి బజారుకు, బజారు నుంచి బడికి తిరిగిన బండికి నలభై స్టార్టులు. అందుచేత 2,60,000 కి.మీ. తిరిగిన హైవే కారు, 1,20,000 కి.మీ. తిరిగిన ఊరి కారు కన్నా మంచి స్థితిలో ఉండవచ్చు.

కడియం ప్రాంతంలో గమనించవలసినది మరొకటి ఉంది. నర్సరీల దారుల్లో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, లారీల దుమ్ము ఎప్పుడూ గాలిలో ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, దాని గొట్టం వదులైనా ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి గరుకు కాగితంలా గోడలను గీస్తుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌ను వాయిదా వేసి లక్ష రూపాయల పని తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మీటరు అంకెను నమ్మడానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాన్ని వెనక్కి తిప్పేవారు ఉన్నారు. సర్వీసు పుస్తకం, పెడళ్ల రబ్బరు అరుగుదల, స్టీరింగ్ నునుపు అంతకన్నా నిజం చెబుతాయి.

లెక్కకు ముందు రోగనిర్ణయం

మొక్క ఆకులు పండుబారితే నర్సరీ రైతు వెంటనే మొక్కను పీకి పారేయడు. నీరు ఎక్కువైందా, వేరు కుళ్లిందా, పోషకం చాలలేదా అని చూస్తాడు. లక్షణం ఒకటే అయినా కారణాలు వేరు, చికిత్సల ఖర్చులు వేరు. ఇంజిన్ విషయంలోనూ అంతే. “ఇంజిన్ పోయింది” అనే మాట రోగనిర్ణయం కాదు. నిర్ణయానికి సంబంధించిన గణితం ఎంత చక్కగా చేసినా, దానికి అందించిన సమాచారం తప్పయితే జవాబు తప్పే వస్తుంది. అందుకే ఈ భాగాన్ని కొంచెం విస్తరించి చెబుతున్నాను.

మొదట పొగ రంగు చూడాలి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. అది తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కాసేపు వచ్చి తగ్గిపోతే, వాల్వు సీళ్లు గట్టిబడి ఆయిల్ కిందికి జారుతోందని అనుమానించాలి. సీళ్లు మార్చడానికి చాలా సందర్భాల్లో ఇంజిన్‌ను పూర్తిగా విప్పనక్కర లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద ఎడతెగక నీలి పొగ వస్తే రింగులు, సిలిండర్ల మీద అనుమానం. అయితే టర్బో ఉన్న డీజిల్ కారులో టర్బో ఆయిల్ సీలు పోయినా ఇదే పొగ వస్తుంది. గాలి గొట్టం విప్పి లోపల ఆయిల్ చెమ్మ ఎంత ఉందో చూస్తే కొంత తెలుస్తుంది. నల్ల పొగ వస్తే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని అర్థం. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పగిలిన టర్బో గొట్టం, మసి పట్టిన ఈజీఆర్ వాల్వు, సరిగా చిమ్మని ఇంజెక్టర్లు ఇందుకు కారణాలు. ఇవేవీ బోరుకు సంబంధించినవి కావు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ, రేడియేటర్‌లో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూడాలి.

మైలేజీ తగ్గడం కూడా ఇంతే. బ్రేకులు పట్టేసి ఉండవచ్చు, క్లచ్ జారుతుండవచ్చు, టైర్లలో గాలి తక్కువ ఉండవచ్చు. ఇంజిన్ దింపించిన తరువాత కూడా మైలేజీ పెరగలేదని బాధపడేవారిలో కొందరి అసలు సమస్య ఇక్కడే ఉంటుంది.

రెండో మెట్టు, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడడం. కొద్దిగా ఆవిరి రావడం సహజం. రైలింజిన్‌లా బుస్సుబుస్సుమని పొగ కొడుతుంటే దాన్ని మెకానిక్‌లు ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. దహన వాయువులు రింగులను దాటి కిందికి దిగుతున్నాయని దాని భావం.

మూడోది, అన్నిటికన్నా నమ్మదగినది, కంప్రెషన్ పరీక్ష. ప్రతి సిలిండర్‌కూ గేజి పెట్టి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పి, ఎంత పీడనం వస్తోందో కొలుస్తారు. పెట్రోల్ ఇంజిన్‌లో 12 బార్లకు అటూ ఇటూగా, డీజిల్ ఇంజిన్‌లో దానికి రెట్టింపు పైన ఉంటుంది. కచ్చితమైన అంకె తయారీదారుని సర్వీసు మాన్యువల్‌లో చూడాలి. ఇక్కడ మొత్తం అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ కొద్దికొద్దిగా తగ్గి ఉంటే అది వయసు. మూడు బాగుండి ఒకటి బాగా తగ్గితే అది ఒక చోట తగిలిన దెబ్బ, కాలిన వాల్వో, విరిగిన రింగో అయి ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లో తగ్గిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలుస్తారు. పీడనం పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో ఉందని గుర్తు.

నాలుగోది మీరే చేయగలిగినది. చదునైన చోట బండి నిలిపి, ఉదయాన్నే డిప్‌స్టిక్ చూసి, ఆయిల్‌ను పై గీత దాకా నింపి, మీటరు అంకె రాసుకోండి. మళ్లీ నింపవలసి వచ్చిన రోజున ఎన్ని కిలోమీటర్లకు ఎంత పట్టిందో రాయండి. ఇలా మూడు నాలుగు వేల కిలోమీటర్లు రాస్తే అరుగుదల నిలకడగా ఉందా, వేగంగా పెరుగుతోందా అన్నది తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆ నలుపు చూసి భయపడవద్దు. ఆర్టీసీ డిపోల్లో బస్సు లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో క్రమం తప్పకుండా నమోదు చేస్తారు. ఒక బస్సు లోపలి సంగతి బయటివారికి తెలిసేది ముందుగా ఆ పుస్తకంలోనే. సొంత కారుకు అటువంటి పుస్తకం పెట్టుకున్నవారిని నేను చాలా తక్కువమందిని చూశాను.

మన నర్సరీ యజమాని ఈ పరీక్షలన్నీ చేయించాడనీ, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ తగ్గిందని తేలిందనీ అనుకుందాం. అంటే మెకానిక్ మాట నిజమే. పరీక్షలో ఇంజెక్టర్ల లోపం బయటపడి ఉంటే ఇక్కడితో కథ వేరే దారి పట్టేది. కింది లెక్క అవసరమే ఉండేది కాదు.

పోయిన డబ్బు, రాబోయే ఖర్చు

భార్య చెప్పిన అరవై వేల సంగతి చూద్దాం. అది ఖర్చయిపోయింది. కారు ఉంచుకున్నా అమ్మేసినా ఆ డబ్బు తిరిగి రాదు. ఇటువంటి దానిని ‘మునిగిన వ్యయం’ అంటారు. నిర్ణయం ఏదైనా మారని వ్యయాన్ని నిర్ణయంలోకి తీసుకురాకూడదనేది సూత్రం.

ఈ సూత్రానికి కడియం మండలంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. వేమగిరిలో వందల కోట్ల రూపాయల పెట్టుబడితో సహజవాయు విద్యుత్ కేంద్రం కట్టారు. గ్యాస్ అందక అది ఏళ్లతరబడి ఉత్పత్తి లేకుండా నిలిచింది. అంత పెట్టాం కాబట్టి ఎలాగైనా నడపాలని ఎవరైనా అనవచ్చు. కానీ ఏ రోజుకారోజు దాన్ని నడపాలా వద్దా అన్నది ఆనాటి గ్యాస్ ధర, ఆనాటి కరెంటు ధరలను బట్టి తేలుతుంది తప్ప కట్టడానికి అయిన ఖర్చును బట్టి కాదు.

అయితే ఆమె మాటను పూర్తిగా కొట్టిపారేయడం కూడా పొరపాటే. అరవై వేలు పోయాయి కానీ, వాటితో వచ్చిన కొత్త క్లచ్, కొత్త సస్పెన్షన్ కారులో ఉన్నాయి. వాటివల్ల రాబోయే రెండు మూడేళ్లలో ఆ భాగాల మీద ఖర్చు తక్కువగా ఉంటుంది. ఆ ఆదా భవిష్యత్తుకు చెందినది కనుక లెక్కలోకి వస్తుంది. చాలామంది విద్యార్థులు మునిగిన వ్యయం అనగానే రెండింటినీ కలిపి తీసేస్తారు. పరీక్షల్లో తరచూ కనిపించే తప్పు ఇది.

దీనికి ఎదురుగా నిలిచేది ‘అవకాశ వ్యయం’. కారును ఈ స్థితిలోనే అమ్మితే 1,20,000 రూపాయలు వస్తాయనుకుందాం. అమ్మకుండా ఉంచుకుంటే ఆ సొమ్మును వదులుకున్నట్టే. “పాత కారే కదా, దానికి పెట్టుబడి ఏముంది” అనుకోవడం సరికాదు. ఉంచుకున్న ప్రతి ఏడూ ఆ సొమ్ము మీద వడ్డీ, కారు విలువలో పడిపోయిన భాగం రెండూ ఖర్చులే.

లెక్క

డీజిల్ లీటరు 96 రూపాయలు, వడ్డీ రేటు ఏడాదికి 10 శాతం అనుకుందాం. మూడు ప్రత్యామ్నాయాలను ఏడాది ఖర్చు రూపంలో పోల్చుదాం.

మొదటిది, ఉన్నది ఉన్నట్టుగా ఇంకో ఏడాది నడపడం. లీటరుకు 16 కి.మీ. చొప్పున 18,000 కి.మీ.కు 1,125 లీటర్లు, అంటే 1,08,000 రూపాయలు. అదనపు ఆయిల్ 18 లీటర్లు, లీటరు 450 చొప్పున 8,100. మామూలు నిర్వహణ 22,000, బీమా 8,000. దారిలో పెద్దగా చెడిపోయే సంభావ్యత 30 శాతం, చెడిపోతే అయ్యే నష్టం 60,000 అనుకుంటే, ఆశించిన నష్టం 18,000. కారు విలువ ఇప్పుడు 1,20,000, వడ్డీతో ఏడాది చివర 1,32,000, అప్పటికి అమ్మితే వచ్చేది 95,000, తేడా 37,000. మొత్తం 2,01,100 రూపాయలు.

రెండవది, 90,000 పెట్టి ఇంజిన్ పని చేయించి నాలుగేళ్లు నడపడం. కారు విలువతో కలిపి నేటి పెట్టుబడి 2,10,000. నాలుగేళ్ల తరువాత 60,000కు అమ్ముడుపోతుందనుకుంటే, దాని వర్తమాన విలువ 60,000 × 0.683, అంటే సుమారు 41,000. మిగిలిన 1,69,000ను నాలుగేళ్ల వార్షిక గుణకం 3.17తో భాగిస్తే ఏడాదికి సుమారు 53,300. దీనినే ‘సమాన వార్షిక వ్యయం’ అంటారు. మైలేజీ 18కి పెరిగితే డీజిల్ 96,000. నిర్వహణ నాలుగేళ్ల సగటున 25,000. ఇంజిన్ బాగుపడినా మిగతా బండికి వయసు పెరుగుతూనే ఉంటుంది కదా. బీమా 8,000, చెడిపోయే సంభావ్యత 10 శాతానికి తగ్గితే నష్టం 6,000. మొత్తం సుమారు 1,88,300.

మూడవది, కారు అమ్మి, అయిదేళ్ల వయసున్న మరో కారు 6,00,000కు కొనడం. నాలుగేళ్ల తరువాత దాని విలువ 3,20,000 అనుకుంటే పెట్టుబడి భారం ఏడాదికి సుమారు 1,20,300. డీజిల్ 86,400, నిర్వహణ 12,000, బీమా 18,000, చెడిపోయే నష్టం 1,000. మొత్తం సుమారు 2,37,700. పైగా పాత కారు అమ్మిన డబ్బు పోను 4,80,000 సమకూర్చుకోవాలి. ఉన్న నిల్వ ఫీజు సొమ్మే గనుక అప్పు చేయాలి. ఆ అప్పు వడ్డీ 10 శాతం కన్నా ఎక్కువైతే ఈ మార్గం ఇంకా బరువవుతుంది.

ఇంజిన్ పని చేయించడమే చవక అని తేలింది. కానీ మొదటి రెండింటి మధ్య తేడా ఏడాదికి పదమూడు వేల లోపే. ఇంత చిన్న తేడా మీద నిలిచిన జవాబును గట్టిగా కుదిపి చూడాలి.

ఇదే యజమాని పిల్లల చేతికి వ్యాపారం అప్పగించి ఏడాదికి 8,000 కి.మీ. మాత్రమే తిరుగుతాడనుకోండి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు నడిపితే డీజిల్ 48,000, ఆయిల్ 3,600, నిర్వహణ 14,000, బీమా 8,000, చెడిపోయే నష్టం 8,000, విలువ తరుగు 37,000, మొత్తం 1,18,600. పని చేయిస్తే డీజిల్ 42,700, నిర్వహణ 16,000, బీమా 8,000, చెడిపోయే నష్టం 2,700, పెట్టుబడి భారం 53,300; మొత్తం 1,22,700. ఇంజిన్ అదే, మీటరు అంకె అదే, పొగ అదే. తీర్పు మాత్రం తిరగబడింది. నిర్ణయించినది ఇంతవరకు తిరిగిన కిలోమీటర్లు కావు, ఇకముందు తిరగబోయే కిలోమీటర్లు.

రెండో కుదుపు ఇంకా ముఖ్యం. పని సరిగా జరగక ఇంజిన్ రెండేళ్లకే మళ్లీ పొగ వదిలితే? రెండేళ్ల చివర కారు విలువ 85,000 అనుకుని లెక్కిస్తే పెట్టుబడి భారం ఏడాదికి సుమారు 80,500కు ఎగబాకుతుంది. మొత్తం 2,15,500. అంటే ఏమీ చేయించకపోవడం కన్నా నష్టం. అరిగి అండాకారం తేలిన సిలిండర్లలో లేత్ పని లేకుండా కొత్త రింగులు మాత్రం వేసి సరిపెట్టడం వల్ల ఇలా జరుగుతుంటుంది. చవకగా అయ్యే సగం పని చివరకు ఖరీదైనది. బోరు కొలతలు తీయించి, అవసరమైతే స్లీవులు వేయించి, క్రాంక్, బేరింగులు, ఆయిల్ పంపు చూపించి, విప్పిన పాత భాగాలను కళ్లారా చూడాలి. తొంభై వేల అంచనాలో ఏవేవి ఉన్నాయో రాయించుకోవడం కూడా లెక్కలో భాగమే.

మ్యాడిసన్ నగరపు బస్సులు

ఈ సమస్య మీద ఆర్థికశాస్త్రంలో పేరుపొందిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మ్యాడిసన్ నగరం ఉంది. అక్కడి బస్సు సంస్థలో హెరాల్డ్ జర్చర్ అనే ఆయన నిర్వహణ విభాగాన్ని చూసేవాడు. ఏ బస్సు ఇంజిన్‌ను ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది ఆయనే. ఆయన పదేళ్ల నెలవారీ రికార్డులను తీసుకుని జాన్ రస్ట్ అనే ఆర్థికవేత్త 1987లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. ఇంజిన్లు సగటున రెండు లక్షల మైళ్లకు పైగా, అంటే మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్లకు పైగా తిరిగాక మార్చినట్టు తేలింది. కానీ అన్నిటికీ వర్తించే ఒక్క అంకె అంటూ లేదు. ప్రతి నెలా జర్చర్ ముందున్న ప్రశ్న ఒకటే: ఈ నెల ఉంచడమా, మార్చడమా? ఉంచితే పెరుగుతున్న నిర్వహణ ఖర్చు, దారిలో ఆగిపోయే ప్రమాదం. మారిస్తే ఒక్కసారిగా పెద్ద మొత్తం. ఆయన అనుభవంతో తీసుకున్న నిర్ణయాలు గణిత నమూనాకు పొందికగా ఉన్నాయని రస్ట్ చూపించాడు.

ఈ వ్యాసంలో నాకు నచ్చే అంశం ఒకటుంది. బస్సు దారిలో ఆగిపోతే అయ్యే నష్టంలో మరమ్మతు ఖర్చు ఒక్కటే లేదు, ప్రయాణికుల నమ్మకం పోవడం కూడా ఉందని రస్ట్ లెక్కలోకి తీసుకున్నాడు. మన నర్సరీ యజమాని తుని దగ్గర రాత్రివేళ ఆగిపోతే టోయింగ్ ఖర్చు ఎంతో చెప్పవచ్చు. విశాఖలో ఆయన కోసం కాచుకున్న కాంట్రాక్టరు ఆ ఆర్డరు మరొకరికి ఇచ్చేస్తే పోయే సొమ్ము ఎంత? పై లెక్కలో అరవై వేలు అని రాసినది ఇటువంటి వాటిని కూడా కలుపుకునే.

పాత ఇంజిన్ తెచ్చి పెట్టించడం

పక్క నర్సరీ ఆయన సలహా మిగిలింది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత ఇంజిన్లు దొరుకుతాయి. ప్రమాదంలో దెబ్బతిన్న బండి ఇంజిన్ నిజంగా మంచిదయితే ఇది తక్కువ రోజుల్లో అయ్యే పని. చిక్కు ఏమిటంటే, మీ ఇంజిన్ గురించి మీకు పదేళ్ల చరిత్ర తెలుసు, దాని గురించి ఏమీ తెలియదు. అమ్మేవారికి తెలిసి కొనేవారికి తెలియని సమాచారం ఉన్న చోట ధర తక్కువగా ఉండడం సహజమే. ఆ తగ్గింపు ఆ ప్రమాదానికి చాలినంత ఉందా అన్నదే ప్రశ్న. కంప్రెషన్ పరీక్ష చేయనివ్వని చోట కొనకూడదు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులకు సంబంధించినది. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కనుక ఇంజిన్ మార్చితే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో ఆ నంబరును సవరించుకోవాలి. బీమా సంస్థకూ తెలియజేయాలి. ఇంజిన్ నంబరుతో సహా రాసిన బిల్లు లేకపోతే అది ఏ బండిదో రుజువు చేయడం కష్టం. దొంగబండి ఇంజిన్ అని తేలితే చవకగా వచ్చిందన్న సంతోషం నిలవదు.

విడిభాగాల లభ్యత కూడా చూడాలి. ఫియట్ రూపకల్పన చేసిన 1,248 సీసీ డీజిల్ ఇంజిన్‌ను మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలోనూ, టాటా విస్టాలోనూ వాడారు. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసినా, రోడ్డు మీద అవి లక్షల్లో ఉండడం వల్ల సామాను దొరుకుతోంది, పని తెలిసినవారూ దొరుకుతారు. తక్కువగా అమ్ముడుపోయిన మోడల్‌కు ఆ వసతి ఉండదు.

కాలపరిమితి విషయం క్లుప్తంగా. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్ల పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలయింది. మన ఉదాహరణలోని కారుకు ఆ గడువు 2028లో, అంటే నాలుగేళ్ల లెక్క మధ్యలో వస్తుంది. దానివల్ల ఏడాది ఖర్చు వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే పెరుగుతుంది కనుక తీర్పు మారదు. ఢిల్లీ ప్రాంతంలో అయితే పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించాయి. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్ల తరువాత రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. అటువంటి చోట్ల ఇంజిన్ ఎంత బాగున్నా కారు ఆయుర్దాయాన్ని నిర్ణయించేది చట్టమే. అక్కడ ఇంజిన్ పని మీద పెట్టే సొమ్మును గడువులోగా రాబట్టుకోగలమా అని చూడాలి.

మీరే చేసి చూడండి

1. పై ఉదాహరణలో ఏడాదికి ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదటి, రెండవ ప్రత్యామ్నాయాల ఖర్చు సమానమవుతుంది? 18,000, 8,000 కి.మీ.లకు వచ్చిన రెండు తేడాలను సరళరేఖతో కలిపి కనుక్కోండి. మీ జవాబు 10,400 కి.మీ. దరిదాపుల్లో ఉండాలి.

2. ఇంజిన్ పనికి 90,000 బదులు 1,20,000 అయితే 18,000 కి.మీ. తిరిగే యజమాని ఏం చేయాలి? నాలుగేళ్ల తరువాతి అమ్మకపు విలువ మారదనుకోండి.

3. మీ ఇంట్లోగాని, మీకు తెలిసినవారి దగ్గరగాని ఉన్న బైక్, ఆటో, కారు లేదా పొలం మోటారుకు మూడు నెలల పాటు ఇంధనం, ఆయిల్, మరమ్మతుల వివరాలు తేదీలతో నమోదు చేయండి. ఆ అంకెలతో వచ్చే ఏడాది ఖర్చును అంచనా వేసి, అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.